నిండు వస్త్రాలతో మూడు మునకలు

పన్నెండేళ్ళుగా ఆ ఊళ్ళో చర్చి ఉంది, గంట ఉంది, గంట కొట్టే మనిషి ఉన్నాడు, గురువు ఒక్కడే లేడు. ఉన్న ఆఖరాయన చేపముల్లు గొంతుకు అడ్డం పడి పోయాడు. చేపలు పట్టుకు బతికే ఊరికి అంతకంటే నగుబాటు ఉండదు కాబట్టి, జ్వరం వచ్చి పోయాడని చెప్పుకునేవాళ్ళు.

సరస్సు ఒడ్డున రెండొందల గడప. అందరూ కొసాకులే. వేటకాలంలో అందరూ వలలు లాగేవాళ్ళే, యుద్ధం వస్తే అందరూ గుర్రం ఎక్కేవాళ్ళే. తాతల కాలంలో రష్యా చక్రవర్తి, సిలువ గుర్తు రెండు వేళ్ళతో కాదు మూడు వేళ్ళతో వేసుకోండి, ఆ గడ్డాలు కూడా తీసెయ్యండి అన్నాడట. ఆ ఒక్క వేలి కోసం దేశం వదిలేసి సుల్తాను రాజ్యంలోకి వచ్చిపడ్డారు. సుల్తాను, మీ వేళ్ళు మీ ఇష్టం, యుద్ధానికి పిలిస్తే మాత్రం రండి అన్నాడట. అప్పట్నుంచీ అసలైన క్రైస్తవాన్ని కాపాడుకోవడానికి నెలవంక జెండా కింద నిలబడి, మూడు వేళ్ళ క్రైస్తవుల మీద తుపాకులు పేలుస్తున్నారు. ఇదేం తమాషా అని అడిగారంటే మీ మీదికి కూడా వస్తారు.

గురువు లేడని ఊళ్ళో పనులేమీ ఆగలేదు. పెళ్ళి కావలసినవాళ్ళు వలయం మధ్య నిలబడి నాలుగు దిక్కులా వంగి దణ్ణాలు పెట్టి, మేం ఒకటయ్యాం అనేవాళ్ళు. వలయమంటే ఊరి సభ. మగవాళ్ళంతా గుండ్రంగా నిలబడతారు, ఎవడూ ఎవడికంటే ముందు కాదు. ఊరి పెద్దను, అంటే అతమానును, ఏటా ఆ వలయమే ఎన్నుకుంటుంది, తప్పు చేస్తే ఆ వలయమే బోర్లా పడుకోబెట్టి కొరడాతో కొడుతుంది. పుట్టిన బిడ్డల్ని మొకేయ్ తాత తొట్టిలో మూడుసార్లు ముంచి బాప్తిస్మం ఇచ్చేవాడు. చచ్చినవాళ్ళ మీద ఆయనే కీర్తనలు చదివేవాడు. చూపు ఆనకపోయినా పాత పుస్తకాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. కానీ పాపం చెప్పుకుంటే విని క్షమించడం, సత్ప్రసాదం నోట్లో పెట్టడం, ఈ రెండూ గురువు తప్ప ఇంకెవరూ చెయ్యకూడదు.

అక్కడే ఇరుక్కుపోయాడు తెరెంతి. వాడి తల్లి ఫెదోస్య ఆకురాలే కాలంలో మంచం పట్టింది. ఆవిడకు డెబ్బై దాటాయి, పోవడానికి భయమేమీ లేదు. కాకపోతే ఒక మాట గురువు చెవిన వేసిగానీ పోనని భీష్మించుకు కూర్చుంది. ఆ మాటేమిటో నాతో చెప్పమ్మా అని తెరెంతి బతిమాలాడు. "నీతో చెప్పే మాటయితే నలభై రెండేళ్ళు దాచుకుంటానా?" అంది. మొకేయ్ తాతతో చెప్పమన్నాడు. "ఆ ముసలాడితోనా?" అని మొహం గోడవైపు తిప్పుకుంది. రోజురోజుకీ ఆవిడ గంజి తాగేది తగ్గుతోంది. ఊళ్ళో అందరికంటే పెద్ద చేతులున్న మనిషి, నిండు వలను ఒంటిగా ఒడ్డుకు లాగేవాడు, తల్లి మంచం పక్కన ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చునేవాడు.

క్రీస్తు పుట్టిన పండుగ అయిన వారానికి గురువు దొరికాడు. అతమాను కొంద్రాత్ ఇద్దరు మనుషుల్ని పంపించి, నల్లసముద్రం అవతలి నుంచి చేపల పడవలో, వలల కింద దాచి తెప్పించాడు. పేరు గెరాసిం. బక్కపలచని మనిషి, దగ్గు. తన బిషపుతో ఏదో మాటా మాటా వచ్చి పారిపోయి ఉన్నాడు. మా పాత పద్ధతి ఒప్పుకుంటావా అంటే, ఇంత అన్నం పెట్టి నెత్తిన ఒక కప్పు ఉంచితే ఒప్పుకుంటానన్నాడు. ఒడ్డున దిగేసరికి ఆయన గడ్డం నిండా చేప పొలుసులు. ఆడవాళ్ళు ఆ పొలుసులకే కళ్ళనీళ్ళు పెట్టుకుని దణ్ణాలు పెట్టారు. తెరెంతి గబగబా ముందుకు వెళ్ళి, అయ్యగారూ మా ఇంటికి ముందు రావాలి అని చెయ్యి పట్టుకోబోయాడు.

"ఆగరా," అన్నాడు మొకేయ్ తాత. "ముందు ఒక ముక్క అడగనీ. అయ్యా, నిన్ను చిన్నప్పుడు నీళ్ళలో ముంచారా, నెత్తిన పోశారా?"

గెరాసిం కాసేపు ఆలోచించాడు. ఆలోచించకుండా ముంచారని అనేసి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆయన ఖర్మకొద్దీ నిజం చెప్పే మనిషి.

"ముంచారనే మా అమ్మ చెప్పేది. నేను అప్పటికి ఎనిమిది రోజుల పిల్లాణ్ణి. నాకేం గుర్తుంటుంది?"

అంతే, కొంప మునిగింది. ఆ రోజే వలయం కూడింది. మునిగినవాడే క్రైస్తవుడు, నెత్తిన పోయించుకున్నవాడు కాడు. క్రైస్తవుడు కానివాడు గురువు ఎలా అవుతాడు? పోనీ ఇప్పుడు ముంచుదామా అంటే, ముంచగానే వెనకటివన్నీ కడుక్కుపోతాయి. అప్పుడు గడ్డమూ దగ్గూ ఉన్న పసిబిడ్డ మిగులుతాడు గాని గురువు మిగలడు. మూడు రోజులు వాదించారు. మధ్యలో భోజనాలకు వెళ్ళి వచ్చి మళ్ళీ వాదించారు. ఇద్దరి గడ్డాలు ఊడివచ్చాయి. ఈ లోపల గురువుగారు అతమాను ఇంట్లో పొయ్యి పక్కన కూర్చుని, ఒక్క ప్రార్థన కూడా చెయ్యకుండా పూటపూటా చేపల పులుసు తాగుతున్నాడు. ఇంటి బయట ఇద్దరు కాపలా. ఆయన పారిపోకుండానా, తొందరపడి ఎవరినైనా ఆశీర్వదించకుండానా అన్నది వాళ్ళకే తెలియదు.

మూడోనాటికి మొకేయ్ తాత కళ్ళు మూసుకుని, పెద్దల నాటి సంగతి ఒకటి బయటికి తీశాడు. ఇలాంటి చిక్కే వస్తే వాళ్ళు గురువును నిండు వస్త్రాలతో ముంచారట. తలపాగా నుంచి చెప్పుల దాకా అన్నీ ఒంటి మీదుంటే, బాప్తిస్మం లోపలికి దిగుతుందట, గురుత్వం తడుస్తుంది గాని కొట్టుకుపోదట. వలయమంతా ఊపిరి పీల్చుకుంది. ఇంత తేలిక సంగతి మనకెందుకు తట్టలేదని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

గెరాసింకు ఈ కబురు చెబితే ఆయన కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు. అంచుల్లో మంచు గడ్డకట్టి ఉంది. ఆ మంచు కరిగేదాకా ఆగకూడదా బాబూ అన్నాడు. చాలామందికి జాలి వేసి, పోనీలే, పన్నెండేళ్ళు ఆగాం, మూడు నెలలు ఆగలేమా అన్నారు. అప్పుడు తెరెంతి వలయం మధ్యకి వచ్చాడు.

"మీరు ఆగుతారు. మా అమ్మ ఆగదు," అన్నాడు. "ఇవాళో రేపో అన్నట్టుంది. నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని పోతే ఆ పాపం ఎవరు మోస్తారు? మీలో ఎవడు మోస్తాడో చెయ్యెత్తండి."

ఎవడూ చెయ్యెత్తలేదు. కొంద్రాత్ గొంతు సవరించుకుని, అయితే ఎల్లుండి ప్రభువు బాప్తిస్మం పండుగ రోజునే కానిద్దాం, అంత తొందరున్నవాడివి నువ్వే ముంచు అన్నాడు. చేతులు కూడా నీవే పెద్దవి అని వెనక నుంచి ఎవరో అన్నారు. మొకేయ్ తాత ఒక్క అడ్డు వేశాడు. ముంచేవాడు తను సరిగ్గా మునిగినవాడై ఉండాలి. నిన్నెవరు ముంచార్రా?

"మా అమ్మే," అన్నాడు తెరెంతి.

అది అందరికీ తెలిసిందే. వాడు పుట్టిన శీతకాలం మగవాళ్ళంతా సుల్తాను పిలిస్తే యుద్ధానికి వెళ్ళారు. పిల్లాడు నీలంగా పుట్టాడు, పాలు పట్టలేదు. అలాంటప్పుడు తల్లి అయినా ముంచవచ్చునని పుస్తకంలోనే ఉంది. బట్టలు ఉతికే తొట్టిలో మూడుసార్లు ముంచానని ఫెదోస్య చెప్పింది, యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు విన్నారు. ఫెదోస్య మాటకు ఆ ఊళ్ళో తిరుగు లేదు. మొకేయ్ తాత తల ఊపాడు.

తెరెంతి సంతోషంగా ఇంటికి వచ్చి తల్లితో చెప్పాడు. ఆవిడ సంతోషించలేదు. దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతూ, ఇంకెవరూ దొరకలేదా ఊళ్ళో అంది. నా చేతులు పెద్దవట అన్నాడు వాడు. ఆవిడ వాడి చెయ్యి తిరగేసి చూసింది. తర్వాత, ఆ రోజు నన్ను కూడా బండిలో ఒడ్డుకు తీసుకుపో, చూస్తాను అంది.

పండుగ రోజు పొద్దున ఊరంతా ఒడ్డున ఉంది. గొడ్డళ్ళతో మంచు పగలగొట్టి నీళ్ళ దాకా దారి చేశారు. ఫెదోస్యను గొర్రెచర్మాల్లో చుట్టి, నీళ్ళకు పది అడుగుల దూరంలో బండిలో కూర్చోబెట్టారు. గురువు వస్త్రాలు ముఖమలు మీద జరీవి, పొడిగా ఉన్నప్పుడే ఒక గొర్రెపోతు బరువు తూగుతాయి. గెరాసిం వాటిని వేసుకుని నిలబడితే, మనిషి వస్త్రాల్ని మోస్తున్నాడో వస్త్రాలు మనిషిని నిలబెట్టాయో తెలియలేదు. మొకేయ్ తాత పుస్తకం తలకిందులుగా పట్టుకుని అక్షరం పొల్లుపోకుండా ప్రార్థన చెప్పాడు.

తెరెంతి నడుం లోతుకు దిగాడు. చలికి కాళ్ళు అక్కడున్నాయో లేవో తెలియడం మానేసింది. గురువును చంటిపిల్లాణ్ణి పట్టినట్టు మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి పట్టుకున్నాడు. తండ్రి పేరున అని మొకేయ్ అన్నాడు. ముంచాడు, లేపాడు. కుమారుని పేరున. ముంచాడు, లేపాడు. రెండోసారి లేపేసరికి తడిసిన జరీ బరువుకు గెరాసిం తల వెనక్కి వాలిపోయింది, పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి, నోట్లోంచి నీళ్ళు వచ్చాయి. ఆయన అరవలేదు, వద్దనలేదు. తెరెంతి చొక్కాను రెండు చేతులా పట్టుకుని వాడి కళ్ళలోకి చూశాడు, అంతే.

పవిత్రాత్మ పేరున, అన్నాడు మొకేయ్.

తెరెంతి వంగాడు. గురువును తన వెడల్పాటి వీపు చాటుకు తిప్పుకుని, నీళ్ళు చెవుల దాకా వచ్చేవరకు దించాడు. ముక్కూ నోరూ కళ్ళూ పైనే ఉన్నాయి. పెద్ద చప్పుడయ్యేలా ఇంకో చేత్తో నీళ్ళను చరిచాడు. వెంటనే లేపేసి భుజాన వేసుకుని ఒడ్డుకు వచ్చేశాడు.

గురువును గొర్రెచర్మాల్లో చుడుతుండగానే గోల మొదలైంది. రెండే మునిగాడని కొందరు, మూడూ మునిగాడని కొందరు. వీపు అడ్డమొచ్చిందని కొందరు, అడ్డమొస్తే చప్పుడెలా వినపడిందని ఇంకొందరు. రెండయితే మళ్ళీ మొదట్నుంచీ ముంచాల్సిందే. మొకేయ్ తాతకు నీళ్ళే సరిగ్గా కనపడవు. చివరికి కొంద్రాత్ రాగిసిలువ తెచ్చి తెరెంతి మొహం ముందు పెట్టాడు.

"ముద్దుపెట్టి చెప్పు. ఎన్ని?"

తెరెంతి బండివైపు చూశాడు. గొర్రెచర్మాల మధ్య నుంచి తల్లి కళ్ళు తన మీదే ఉన్నాయి. ఆ సిలువ మీద ఈ ఊళ్ళో ఇప్పటిదాకా అబద్ధం ఆడినవాడు లేడు. ఆడినవాడెవడైనా ఉంటే బయటపడలేదు. ఇకమీదట ఈ గురువు చేసే ప్రతి పెళ్ళీ, ఇచ్చే ప్రతి క్షమాపణా ఈ మాట మీదే నిలబడతాయని వాడికి తెలుసు.  సిలువను ముద్దుపెట్టుకున్నాడు. రాగి చల్లదనానికి పెదవి అంటుకుని తోలు ఊడొచ్చింది.

"మూడు," అన్నాడు.

మర్నాటి పొద్దుటికి అతమాను వాకిట్లో ఊరంతా బారు తీరింది. పన్నెండేళ్ళ పాపాలు, పన్నెండేళ్ళ పెళ్ళిళ్ళు. గెరాసిం జ్వరంతో వణుకుతూనే లేచాడు. తెరెంతి బారులో ఒక్కణ్ణీ లెక్కచెయ్యకుండా దూసుకుపోయి, ఆయన్ను గొర్రెచర్మంతో సహా ఎత్తుకుని తమ ఇంటికి తెచ్చేశాడు. వెనక నుంచి తిట్లు వినపడ్డాయి గాని అడ్డం వచ్చినవాడు లేడు.

లోపల తల్లీ గురువూ మాత్రమే ఉన్నారు. తెరెంతి వాకిట్లో కట్టెలు చీలుస్తూ కూర్చున్నాడు. వినకూడదని గట్టిగా చీలుస్తున్నాడు. చీల్చడానికి కట్టెలు అయిపోయాయి. లోపల తల్లి గొంతు చాలాసేపు సన్నగా వినపడింది, ఆగింది. తర్వాత ఎవరో నవ్వారు, నవ్వు దగ్గులోకి తిరిగింది. పాపసంకీర్తనంలో నవ్వడమేమిటని వాడికి ఒళ్ళు మండింది. ఇలాంటివాడి కోసమా నేను సిలువ మీద అబద్ధమాడింది అనుకున్నాడు. గెరాసిం బయటికి వచ్చాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు. సత్ప్రసాదం ఇచ్చాను బాబూ, లోపలికి వెళ్ళు అని, తను గడప మీద కూలబడ్డాడు.

ఫెదోస్య దిండుకు ఆనుకుని ఉంది. మొహం కడిగినట్టు తేటగా ఉంది. దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది.

"రెండే," అంది.

తెరెంతి తలుపు వైపు చూశాడు.

"నాకు చూపు బాగానే ఉందిరా. మూడోసారి నువ్వు ముంచలేదు."

"తెలిసి కూడా ఆయన దగ్గర సత్ప్రసాదం తీసుకున్నావా అమ్మా? అది చెల్లదు కదా. మనవాళ్ళ లెక్క ప్రకారం ఆయన గురువే కాడు."

"లెక్క సంగతి తర్వాత. ముందు ఇది విను. నువ్వు పుట్టినప్పుడు నీలంగా ఉన్నావు. తొట్టిలో నీళ్ళ మీద మంచు పేరుకుంది. ఒకసారి ముంచితే మళ్ళీ ఊపిరి తియ్యవనుకున్నా. నా వల్ల కాలేదు. చెంబుడు నీళ్ళు పొయ్యి మీద వెచ్చబెట్టి నీ నెత్తిన పోశా, మూడుసార్లు. అందరితో ముంచానని చెప్పా. నలభై రెండేళ్ళు ఈ నోటితోనే కీర్తనలు పాడా."

తెరెంతి మంచం పట్టె పట్టుకుని కింద కూర్చున్నాడు. లెక్క వాడి తలలో దానంతటదే తిరిగింది. తను పోయించుకున్నవాడు. అంటే క్రైస్తవుడు కాడు. క్రైస్తవుడు కానివాడు రెండుసార్లు ముంచినా, మూడుసార్లు ముంచినా, పొద్దస్తమానం ముంచినా ఒకటే. సిలువ మీద ఆడిన అబద్ధం కూడా దేనికీ పనికిరాని అబద్ధమైపోయింది. ఆ బక్కమనిషిని ఊరికే చలినీళ్ళలో నానబెట్టారు.

"ఆయనేమన్నాడు?" అన్నాడు.

"అంతా విన్నాడు. పళ్ళు కటకటలాడుతున్నాయి పాపం. నీళ్ళు వెచ్చబెట్టావా అమ్మా అని అడిగాడు. వెచ్చబెట్టానన్నా. మీవాడు అదృష్టవంతుడమ్మా, అని నవ్వాడు. ఆ తర్వాత ఏడ్చాడు. క్షమించానన్నాడు." ఫెదోస్య చెయ్యి చాపి కొడుకు జుట్టులో పెట్టింది. "ఆ మూడోసారి నువ్వు ముంచి ఉంటే, ఒరేయ్, వీడికి నా పోలిక రాలేదేమిటా అనుకుంటూ పోయేదాన్ని."

తెరెంతి తల్లి చేతికింద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆవిడ తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే పోయింది. గెరాసిమే దగ్గుతూ పాతిపెట్టే ప్రార్థనలు చేశాడు. గురువు చేతిమీదుగా పోయిన అదృష్టం ఫెదోస్యదని ఊరంతా చెప్పుకుంది.

మొకేయ్ తాత తెరెంతికి చర్చిలో కుడివైపు మొదటి వరసలో చోటు ఇప్పించాడు. గురువును గురువు చేసిన చేతులు కదా. తెరెంతి అక్కడ నిలబడి సిలువ గుర్తు వేసుకునేవాడు, రెండు వేళ్ళతోనే. ఉపవాసాల రోజుల్లో పాపసంకీర్తనానికి వెళ్ళి రెండూ చెప్పాడు, సిలువ మీద అబద్ధం ఒకటి, తన నెత్తిన పోసిన చెంబుడు నీళ్ళు ఒకటి. గెరాసిం శ్రద్ధగా విని, రెండోది నీ పాపం కాదు, మొదటిదానికి నేను ఏ మొహం పెట్టుకుని శిక్ష వెయ్యను అన్నాడు. బయటికి చెప్పెయ్యమంటారా అని వాడు అడిగాడు. చెబితే నన్ను మళ్ళీ ముంచుతారు బాబూ అన్నాడు ఆయన.

మరుసటి ఏడు శీతకాలంలో సరస్సుకు అవతలి ఒడ్డు ఊరివాళ్ళకు కూడా ఒక గురువు దొరికాడు. ఇంకా కుర్రతనం పోని మనిషి, భయస్థుడు. ఆయనకూ పుట్టినప్పుడు తనను ముంచారో పోశారో తెలియదట. ఆ ఊరి అతమాను పనిగట్టుకుని వచ్చి వలయంలో నిలబడి, ముంచే చెయ్యి ఈ చుట్టుపక్కల తెరెంతిదే, అతన్ని పంపించండి అని అడిగాడు. అందరూ గర్వంగా తెరెంతి వైపు తిరిగారు.

వాడు గడ్డం నిమురుకున్నాడు. గెరాసిం వలయం బయట కంచె పట్టుకుని నిలబడి చూస్తున్నాడు, ఆ దగ్గు ఇంకా పోలేదు.

"వస్తాను," అన్నాడు తెరెంతి. "నీళ్ళు వెచ్చబెడితేనే."

వలయంలో పెద్ద గలాటా అయింది. వెచ్చటి నీళ్ళ మాట ఏ పుస్తకంలో ఉందని ఒకడు, చన్నీళ్ళ మాట ఎక్కడుందో నువ్వు చూపించమని ఇంకొకడు. రెండు రోజులు వాదించారు. మొకేయ్ తాత తనకు వచ్చిన పుస్తకాలన్నీ మొదట్నుంచీ వల్లెవేసి చూసుకుని, నీళ్ళు అని ఉంది గాని ఎలాంటి నీళ్ళో లేదు అని ఒప్పుకున్నాడు.

అవతలి ఒడ్డున చేపలు ఊరవేసే పెద్ద తొట్టిని తోమి, పన్నెండు బానల నీళ్ళు కాచి పోశారు. ఊరంతా మూగింది. నిండు వస్త్రాల్లో ఆ కుర్ర గురువు వణుకుతూ నిలబడ్డాడు. తెరెంతి చొక్కా చెయ్యి పైకి మడిచి, చంటిబిడ్డకు లాలపోసే తల్లి చూసుకున్నట్టు మోచెయ్యి ముంచి చూశాడు. ఇంకో బానెడు వేడినీళ్ళు పోయమన్నాడు.